జనరల్ కోసం ఉంచిన ఆఖరి పేజీ

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సందులో జిరాక్స్ తీసే కామరాజుకు డెబ్బై ఏళ్లు. జావా నోట్సు, పైథాన్ నోట్సు లక్షల కాపీలు తీశాడు గానీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆయన శ్రద్ధగా చదివిందల్లా బర్మా జనరల్స్ చరిత్రే.

పుట్టింది రంగూన్‌లో మరి. తొమ్మిదేళ్లప్పుడు అక్కడ గద్దెనెక్కిన జనరల్ వీళ్ల బియ్యం కొట్టు లాక్కుని మీ దేశం పొమ్మన్నాడు. అందరూ ఓడెక్కారు. పదహారేళ్ల అక్క హైమవతిని మాత్రం ఇల్లు కనిపెట్టుకోమని నాయనమ్మ దగ్గర వదిలేశాడు తండ్రి. "ఎంతలే, ఆర్నెల్లలో పోతాడు వీడు. మళ్లీ వచ్చేద్దాం" అన్నాడు. ఆ వీధిలో అందరిదీ అదే నమ్మకం.

పాపీ చిరాయువని ఊరికే అనలేదు. ఆ ఆర్నెల్లు దాదాపు పాతికేళ్లయ్యాయి. జనరల్ ఎక్కడ పుట్టాడో, ఎప్పుడు ఏ పదవెక్కాడో, పేపర్లో వచ్చిందల్లా తండ్రి కత్తిరించి, అన్నం మెతుకులతో నోట్‌బుక్‌లో అంటించేవాడు. ఆఖరి పేజీ ఖాళీగా ఉంచాడు. వాడు దిగిపోయిన రోజు అక్కడ తేదీ వేసి, కూతుర్ని తెచ్చుకోవడానికి బయల్దేరాలని. వాడు దిగేనాటికి తండ్రే లేడు. కామరాజు తేదీ వేసి సంచి సర్దేలోగా ఇంకో జనరల్ ఎక్కాడు. రెండో పుస్తకం మొదలైంది.

మధ్యలో ఓ పదేళ్లు అక్కడ తలుపులు తెరుచుకున్నాయి. ఎన్నికలన్నారు. అక్క వీడియో కాల్‌లో కనబడి ఏడ్చింది.

"తమ్ముడూ, ఒక్కసారి రారా. నిన్ను ముట్టుకుని చూడాలి."

"వస్తానక్కా. సైన్యం పూర్తిగా దిగిపోనీ. ఆఖరి పేజీ రాసి మరీ వస్తా" అన్నాడీ పెద్దమనిషి. అదీ పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని! తండ్రి బుద్ధి ఎక్కడికి పోతుంది? తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

2021లో మరో జనరల్ ఎక్కాడు. అక్క ఫోను మూగబోయింది. పక్కనే స్టేషనరీ కొట్టున్న మొహియుద్దీన్ దగ్గర కామరాజు మూడో పుస్తకం కొన్నాడు.

"గా జనరల్ ఫికర్ ఇడువు కాకా. ఎట్లనన్న చేసి అక్కను చూసిరా."

"ఇప్పుడెలా వెళ్తానండీ? ఆవిడున్న ఊళ్లో బాంబులు పడుతున్నాయంట."

మొన్న మధ్యాహ్నం విశాఖ నుంచి ఫోనొచ్చింది. చేసింది బుచ్చిబాబు, ఆయనా బర్మా నుంచి వచ్చినవాడే.

"అన్నయ్యా, మీ అక్కగారు పోయారంటండి. ఎనిమిది నెలలైందట. షుగరు మందులు దొరకలేదట."

ఏ రోజన్నది ఆయనకీ తెలియదు. కామరాజు మూడో పుస్తకం తీసి, జనరల్ కోసం ఉంచిన ఆఖరి పేజీలో 'అక్క హైమవతి' అని రాశాడు. తేదీ చోటు ఖాళీగా వదిలేశాడు. ఎనిమిది నెలలుగా లేని మనిషి కోసం జనరల్ ఎప్పుడు దిగుతాడా అని ఎదురుచూశానని గుండె బాదుకుని ఏడ్చాడు.

సంగతి తెలియని మొహియుద్దీన్ ఓ కాగితం ముక్క పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"కాకా, ఇయ్యాల పేపర్ల నీ జనరల్ ఫోటో పడ్డది. నీకోసం కత్తిరించి పెట్టిన."

కామరాజు ఆ ముక్క అందుకోలేదు.

"ఇక వద్దు భాయ్. ఎవరి కోసం అంటించను?"