ఒకే జీపులో అంగన్‌వాడీ, ఇంటర్వ్యూ

మొన్న బుధవారం ఒక ఫ్యాక్టరీ మేనేజరు నన్ను ఎగాదిగా చూసి ఏమడిగాడో తెలుసా? "ఈయన ఏ అంగన్‌వాడీలో ఆయా అండీ?" అని! నవ్వకండి. ముందు టీ తాగండి, మొత్తం చెప్తాను. పాపం, ఆయన తప్పేం లేదు. నా చంకలో పిల్ల, జేబులో బిస్కెట్ ముక్కలు, చొక్కా తడి. ఆ తడి దేనిదో తర్వాత చెప్తాను.

నా ఉద్యోగం సంగతి మీకు తెలుసు కదా. కోఆర్డినేటర్‌ని. మా ఆవిడకి ఎన్నోసార్లు వివరించాను. "ఇన్నాళ్ళూ అంగన్‌వాడీ వాళ్ళు, బడి వాళ్ళు, ఐటీఐ వాళ్ళు, ఫ్యాక్టరీ వాళ్ళు ఎవరి దారి వాళ్ళదే. ఇప్పుడు భద్రాచలం చుట్టుపక్కల అందరూ ఒక జట్టు. మూడేళ్ళ పిల్ల అంగన్‌వాడీలో అడుగుపెడితే మధ్యలో ఎక్కడా జారిపోకుండా ఉద్యోగం దాకా చేయిపట్టి తీసుకెళ్ళాలి. ఆ చేతులన్నీ కలిపేది నేను!" మా ఆవిడ అంతా విని, "అంటే మీటింగులు పెడతావన్నమాట" అంది. అంతే మరి.

ఈసారి పెద్ద మీటింగే పెట్టాను. భద్రాచలంలో హాలు. పొద్దున ఐటీఐ పాసైన మన అడవి ఊళ్ళ పిల్లలకి ఫ్యాక్టరీ ఇంటర్వ్యూ. మధ్యాహ్నం ఆఫీసర్లందరి ముందు అంగన్‌వాడీ బుజ్జిగాళ్ళ పాటలు. 'అంగన్‌వాడీ నుంచి ఉద్యోగం దాకా' అని బ్యానర్ కూడా రాయించాను. అన్నీ చూసుకున్నాను. పండగలు చూశాను, సెలవులు చూశాను. దుమ్ముగూడెం దాటాక లోపలున్న ఒక ఊరి అంగన్‌వాడీ టీచర్ నాగమణి గారు మాత్రం మెల్లగా అన్నారు.

"సార్, బుధవారం మా దిక్కు సంత."

"సంతదేముంది టీచర్ గారూ, వచ్చే వారం మళ్ళీ వస్తుంది. ఈ మీటింగు మళ్ళీ వస్తుందా?" అని నా జోకుకి నేనే నవ్వాను.

"మీ ఇష్టం సార్" అన్నారావిడ. మధిర వైపు నుంచి వచ్చినవాణ్ణి, ఆ 'మీ ఇష్టం'లో ఎంత ఉందో నాకేం తెలుసు!

బుధవారం పొద్దున ఆ ఊరికి వెళ్ళాను. రెండు జీపులు మాట్లాడాను. ఒకటి ఇంటర్వ్యూ వాళ్ళకి, ఇంకోటి తర్వాత టీచర్‌తో పాటు చిన్నపిల్లలకి. వచ్చింది ఒకటే. డ్రైవర్ వీరన్న తల గోక్కుంటూ, "ఇయ్యాల సంత కదా సార్. జీపులన్నీ అటే పోయినయ్. నేను గూడ ఒక్క ట్రిప్పే, మళ్ల రాను" అన్నాడు. సెల్ తీశాను. సిగ్నల్ ఉంటే కదా! అంగన్‌వాడీలో చూస్తే తల్లులు అప్పటికే పిల్లల్ని వదిలేసి సంతకి పోయారు. ఇక నా తెలివి చూడండి. ఒక్కో క్యాండిడేట్ ఒళ్ళో ఒక్కో పిల్లని కూర్చోబెట్టాను! ఎనిమిది మంది వీళ్ళు, ఎనిమిది మంది వాళ్ళు. లెక్క భలే సరిపోయిందని ఎంత మురిసిపోయానో.

"గుడ్లు ఇంక ఉడుకుతనే ఉన్నయ్ సార్. మీరు పోండ్రి, నేను ఏదన్న బండి పట్టుకొని వెనకనే వస్త" అన్నారు నాగమణి టీచర్.

వచ్చినవాళ్ళలో జానకి ఒక్కతే ఆడపిల్ల. ఎలక్ట్రీషియన్ ట్రేడ్. సర్టిఫికెట్లు పాలిథిన్ కవర్లో పెట్టుకుని గుండెకి హత్తుకుంది. ఆ కవర్ మీద తల ఆనించి మూడేళ్ళ సమ్మక్క అప్పుడే నిద్రపోయింది.

"భయంగా ఉందా జానకీ?"

"ఈ ఇంటర్వ్యూ పోతే రేపటి సంది మిర్చి ఏరబోవుడే సార్. మా అయ్య చెప్పేసిండు."

"ఏం పోదు, నేనున్నానుగా!" అన్నాను. ఆ పిల్ల ఎందుకో ఇంకా భయపడింది.

పన్నెండు దాటితే మేనేజరు గారు ఉండరు. ఆ మాట ముందే చెప్పారు. వీరన్న తొక్కుతున్నాడు, బాగానే పోతున్నాం. ఇంతలో ఏమొచ్చింది? సంత! రోడ్డు మీదే సంత. మేకలు, చింతపండు గంపలు, ట్రాక్టర్లు, జనం. జీపు ఆగింది. ఒళ్ళో పిల్లలకి ఎవరు కనిపించారు? వాళ్ళ అమ్మలు! ఒకడు ఏడుపు మొదలుపెట్టాడు, ఎనిమిది మందీ అందుకున్నారు. తల్లులు గంపలు దించేసి పరుగెత్తుకొచ్చారు.

"ఓ సారూ! టీచరమ్మ లేకుంట మా పిల్లలను ఏడికి తీస్కపోతున్నవ్?"

"అంటే అమ్మా, ఇది భాగస్వామ్యం... అంగన్‌వాడీ నుంచి ఉద్యోగం దాకా..."

"ఉద్యోగానికా! మూడేండ్లకేనా?"

చుట్టూ జనం మూగారు. ఎవరో జీపు తాళం కూడా లాగేశారు. చివరికి జానకే దిగి కోయ భాషలో ఏదో చెప్పింది. అందరూ ఒక్కసారిగా నా వైపు చూసి నవ్వారు. ఏం చెప్పావని అడిగితే, "ఏం లేదు సార్" అంది. తాళం మాత్రం ఇచ్చేశారు, పిల్లల్నీ మాతోనే పంపారు.

భద్రాచలం చేరేసరికి మేనేజరు గారు బ్యాగు పట్టుకుని మెట్లు దిగుతున్నారు. "సార్ సార్ సార్!" అని అడ్డం పడ్డాను. ఆయన వాచీ చూసి, నిట్టూర్చి, "త్వరగా కానివ్వండి" అని లోపలికి వెళ్ళారు. క్యాండిడేట్లు ఒక్కొక్కరే గదిలోకి, పిల్లలందరూ వరండాలో నా మీదకి! ఒకడికి నీళ్ళు కావాలి, ఒకతెకి అమ్మ కావాలి, ఇద్దరు బ్యానర్ లాగేశారు. నాకొచ్చిన పాటలన్నీ పాడాను. ఏడుపు ఎక్కువైంది. ఇక లాభంలేదని ఆఫీసర్ల కోసం తెచ్చిన బిస్కెట్లు పంచేశాను.

ఆఖరున జానకి. సమ్మక్క ఆ పిల్ల మెడ వదలదే! వదిలిస్తే హాలు ఎగిరిపోయేలా కేకలు. అలాగే చంకనేసుకుని లోపలికి వెళ్ళింది.

"ఈ పాప మీ అమ్మాయా?" అన్నారు మేనేజరు.

నేను మధ్యలో దూరిపోయాను. "కాదు సార్! ఈ పాప మా మొదటి దశ. ఆ అమ్మాయి మా చివరి దశ!"

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఎలాగో సమ్మక్కని నేను లాక్కున్నాను. అది ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఏడుపాపి, వెచ్చగా నా చొక్కా తడిపేసింది. అదీ ఆ తడి కథ.

జానకి బోర్డు మీద చకచకా వైర్లు బిగించింది. స్విచ్ వేసింది. బల్బు వెలగలేదు!

"ఇంక చాలమ్మా" అని మేనేజరు లేచారు.

జానకి టెస్టర్ పెట్టి చూసింది. గట్టిగానే చెప్పింది. "వైరింగ్ మంచిగనే ఉంది సార్. కరెంటే పోయింది. ఫ్యాన్ చూడుండ్రి."

పైన ఫ్యాను నీరసంగా ఆగిపోతోంది. "కావచ్చు. కానీ బల్బు వెలగందే మార్కు ఎలా వేయను? నాకు టైం లేదు" అని ఆయన గుమ్మం దాకా వెళ్ళిపోయారు. నేనున్నానన్న పెద్దమనిషిని, నా సంత తెలివికి ఈ పిల్ల మిర్చి తోటకి పోతుందా అనిపించి నిజంగా ఏడుపొచ్చింది.

గుమ్మం దగ్గర మేనేజరు గారు ఆగిపోయారు. గడప మీద ఏడుగురు పిల్లలు వరసగా కూర్చుని తీరిగ్గా బిస్కెట్లు నములుతున్నారు. లేవమంటే లేవరు. దాటుదామని కాలెత్తి, మళ్ళీ దించేశారు. ఆయనా మన తెలుగాయనే. పిల్లల్ని దాటితే ఎదగరని వాళ్ళమ్మ కూడా చెప్పే ఉంటుంది కదా!

"కాస్త వీళ్ళని జరపండయ్యా" అన్నారు.

నేను కదలలేదు. సమ్మక్క నిద్రపోతోందని సైగ చేశాను. జన్మలో నేను వేసిన మంచి ఎత్తు అదొక్కటే.

ఆయన అలా నిలబడి ఉండగానే ఫ్యాను కదిలింది. ఏడుగురూ నోట్లో బిస్కెట్లతోనే ఒక్కసారి, "కరెంటొచ్చిందీ!" అని అరిచారు. వెనక్కి తిరిగితే బల్బు వెలుగుతోంది! మేనేజరు పకపకా నవ్వేశారు. "సోమవారం నుంచి ట్రైనింగ్‌కి రా అమ్మా" అన్నారు జానకితో. ఆ పిల్ల పాలిథిన్ కవర్లో మొహం దాచుకుంది. నా కళ్ళు తుడుచుకుందామంటే చేయి ఖాళీ లేదు.

అప్పుడే ఆయన నా చంక వైపు, చొక్కా వైపు చూసి, జానకిని ఆ ఆయా ప్రశ్న అడిగింది.

సరిగ్గా అదే సమయానికి ట్రాక్టర్ దిగి, గుడ్ల బకెట్‌తో నాగమణి టీచర్ వచ్చారు. పిల్లల్ని చూశారు, చినిగిన బ్యానర్ చూశారు, నన్ను చూశారు. పిల్లలందర్నీ వరసలో కూర్చోబెట్టి తలా ఒక గుడ్డు ఇస్తూ వచ్చి, చివర్లో నా చేతిలో కూడా ఒకటి పెట్టారు.

"తినుండ్రి సార్. మా సెంటర్ల చేరుండ్రి, మెల్లగ అన్నీ నేర్పిస్తం."

తినేశాను. ఏం చేయను, ఆకలేసింది! అంగన్‌వాడీ నుంచి ఉద్యోగం దాకా అందర్నీ నడిపిస్తానన్నవాణ్ణి, ఒక్క పూటలో ఉద్యోగం నుంచి అంగన్‌వాడీకి వచ్చేశాను.