అత్తరు మాస్టారి నోట్సు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆటో ఆగినప్పుడు, పక్కన కూర్చున్న మా కాలేజీ అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది: "మేడమ్, పాత కావ్యాల్లో చెడ్డవాళ్ళకే మంచి మంచి మాటలన్నీ ఎందుకు రాస్తారండీ? దేవుడి వైపు వాళ్ళు మాట్లాడుతుంటే నిద్రొస్తుంది." నాకు నవ్వొచ్చింది. రేపు క్లాసులో చెప్తానన్నాను. ఇంటికి వెళ్ళేదాకా మాత్రం మా మేనమామే గుర్తొస్తూ ఉన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడంలో విజయవాడ మొత్తం మీద తనను మించినవాడు లేడని మావయ్య నమ్మకం. ఆ నమ్మకం వల్లనే ఆయనకు జరగవలసింది జరిగింది.

తొంభైల్లో నేను ఎమ్మే చదువుకుంటూ సత్యనారాయణపురంలో వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. మావయ్య ఇంగ్లీషు లెక్చరర్. దేవుడి మీద తిరగబడ్డ దేవదూత కథ చెప్పే ఒక పాత కావ్యం ఆయన సొంత ఆస్తి. ఆ పాఠం ఉన్న రోజు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, అద్దం ముందు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడేవాడు. అత్తయ్య వంటింట్లోంచే "ఇవాళ దెయ్యం పాఠమేగా" అని కనిపెట్టేసేది. చెడు అనేది కొమ్ములతో రాదనీ, చక్కగా తలదువ్వుకుని, మర్యాదగా తలుపు తట్టి వస్తుందనీ ఆయన చెబుతుంటే, కామర్సు పిల్లలు కూడా కిటికీల దగ్గర నిలబడి వినేవారు. అది ఆయనకు తెలుసు. ఆయన కిటికీ వైపు తిరిగి చెప్పడంలోనే అది బయటపడేది.

ఆ రోజుల్లో డిపార్టుమెంటులో ఒకాయన కొత్తగా చేరారు. వన్ టౌన్‌లో వాళ్ళ తాతగారి నాటి నుంచీ అత్తరు దుకాణం ఉంది. మనిషి కంటే ముందు వాసన వచ్చేది కనక పిల్లలు ఆయనకు 'అత్తరు మాస్టారు' అని పేరు పెట్టేశారు. ఆయనేమీ అనుకోలేదు. మెత్తని మాట, సన్నగా ఉండేవారు, ఎవరైనా మెచ్చుకుంటే చెప్పులు చూసుకునేవారు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి మావయ్య చేతిలో ఒక నోట్సు పెట్టారు. పాత కావ్యాల్లో అహంకారం గురించి నాలుగైదేళ్ళుగా రాసుకున్నారట. "మీరొకసారి చూసి, పనికొస్తుందంటే ఎక్కడికైనా పంపుతానండీ" అన్నారు. ఆ సాయంత్రమే నేను దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివేశాను. ఐదో పేజీలో ఒక మాట ఉంది. చెడు తన మొదటి అబద్ధాన్ని ఎదుటివాడికి చెప్పదట, తనకే చెప్పుకుంటుందట. ఆ అబద్ధం ఏమిటంటే, 'ఇది నాకు రావలసిందే'. మావయ్య క్లాసులో చెప్పినవన్నీ ఆ ఒక్క వాక్యం ముందు చిన్నబోయాయని నాకనిపించింది. మావయ్యకీ అనిపించే ఉంటుంది. వారం తర్వాత అత్తరు మాస్టారు అడిగితే, "ఇంకా పచ్చిగా ఉందయ్యా, తొందరపడకు" అన్నాడు.

రెండు నెలలకి ఊళ్ళో ఒక సాహిత్య సభలో మావయ్యని ప్రసంగించమన్నారు. ఆయన దస్తూరి ఆయనకే అర్థమయ్యేది కాదు, కనక ఫెయిర్ కాపీ ఎప్పుడూ నేనే రాసిపెట్టేదాన్ని. మూడో కాగితం దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఐదో పేజీ మొత్తం అందులో ఉంది. దాని వెనకే ఆరూ, ఏడూ.

"మావయ్యా, ఇది ఆయన నోట్సులోది కదా?"

ఆయన పేపరు మడిచి నా వైపు చూశాడు. కోపం లేదు, అదే విచిత్రం. "అమ్మాయ్, పాతికేళ్ళుగా నేను క్లాసులో గొంతు చించుకుంటున్నదే అతను కాగితం మీద పెట్టాడు. ఇప్పుడు నాకు రావలసింది నేను తీసుకుంటున్నాను. అంతే."

తను ఏ మాట వాడాడో ఆయన గమనించలేదు. నేను గమనించాను. గమనించి, మిగతా కాగితాలు ఇంకాస్త గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టాను. ఆ ఇంట్లో నాకున్న ముద్దూ, రేపు ఉద్యోగానికి ఆయన చెప్పబోయే మాటా నాకు కావాలి.

సభ బ్రహ్మాండంగా జరిగింది. ఐదో పేజీ దగ్గర చప్పట్లు ఆగలేదు. అత్తరు మాస్టారు మూడో వరసలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొట్టారు. అయిపోయాక వచ్చి మావయ్య చెయ్యి పట్టుకుని, "చాలా బాగా చెప్పారు సార్. నాకూ అచ్చం ఇలాగే అనిపిస్తుంది" అన్నారు. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆ మరుసటి ఏడాది అత్తరు మాస్టారు బందరు కాలేజీకి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. ప్రసంగం చిన్న పుస్తకంగా అచ్చయింది. మావయ్య మాత్రం, గొంతు బాగాలేదంటూ, ఆ పాఠాన్ని ఇంకొకరికి అప్పగించేశాడు. అద్దం ముందు ఆ అదనపు రెండు నిమిషాలూ పోయాయి.

సభ జరిగి నాలుగేళ్ళు గడిచాయి. నాకు ఉద్యోగం వచ్చింది. ఒకరోజు, ఆ పుస్తకాన్ని డిగ్రీ పిల్లలకి పాఠ్యంగా పెడుతున్నామని ఉత్తరం వచ్చింది. అత్తయ్య సంతోషంతో పక్కింటివాళ్ళని పిలవబోతే మావయ్య వద్దన్నాడు. మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని, నాతో "బందరు వెళ్దాం, పద" అన్నాడు. బస్సు ఉయ్యూరు దాటుతుంటే చెరుకు మడ్డి వాసన గుప్పుమంది. దారి పొడుగునా ఆయన ఒక్కటే మాటన్నాడు: "పిల్లలు దాన్ని బట్టీ పడతారే. నా పేరుతో."

అత్తరు మాస్టారి భార్య మాకు టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. మావయ్య టీ ముట్టకుండా, క్లాసులో ఎన్నడూ లేనంత తడబాటుతో, చేసినదంతా చెప్పాడు. ఆయన తలవంచుకుని విన్నారు. వెంటనే "ఫరవాలేదు సార్" అనేస్తారనీ, మేము తేలిగ్గా బస్సెక్కేస్తామనీ నేననుకున్నాను. అలా అనలేదు.

"ఆ రోజు నేను నోరు విప్పలేదు కదండీ. అందరూ నన్ను మంచివాణ్ణి అనుకుని ఉంటారు. మంచితనం కాదు సార్ అది. మీరు దొంగ, నేను కాదు అని రోజుకోసారి అనుకోవడానికి నాకు వీలుగా ఉండేది. మీకంటే ఎత్తులో ఒక కుర్చీ దొరికింది. నాలుగేళ్ళూ దిగలేదు. అహంకారం గురించి అంత నోట్సు రాసినవాణ్ణి, చూడండి."

అప్పుడాయన నా వైపు తిరిగి, "ఫెయిర్ కాపీ రాసేది మీరేనటగా అమ్మా? మీ దస్తూరి బాగుంటుందని చెప్పుకునేవారు" అన్నారు. మామూలుగానే అన్నారో, అర్థంతో అన్నారో నాకు ఇవాళ్టికీ తెలియదు. నేను "అవునండీ" అన్నాను. ఆ పైన చెప్పవలసింది చాలా ఉంది. చెప్పలేదు.

మావయ్య పాఠ్యపుస్తకాల వాళ్ళకి ఉన్నదున్నట్టు రాసి పంపాడు. పుస్తకం అత్తరు మాస్టారి పేరుతో మళ్ళీ అచ్చయింది. స్టాఫ్ రూములో గుసగుసలు నడిచాయి. ప్రిన్సిపాల్ అవుతాడనుకున్న మనిషి అవకుండానే రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో సగం కుర్చీలు ఖాళీ. కానీ ఆ చివరి ఏడాది పాఠాన్ని తిరిగి తీసుకున్నాడు. మొదటి రోజునే పిల్లలకి తన సంగతి చెప్పి, ఆ తర్వాతే పుస్తకం తెరిచాడట. ఈసారి కిటికీల దగ్గర ఎవరూ లేరట. ఆయన కూడా అటు చూడలేదని, ఆ క్లాసులో కూర్చున్న ఒకావిడ చాలా ఏళ్ళ తర్వాత నాతో అంది.

ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారని రాస్తే చదవడానికి బాగుంటుంది. అవలేదు. పండక్కి ఇటునుంచొక కార్డు, అటునుంచొక కార్డు, అంతే. మావయ్య ముందు పోయాడు. రెండేళ్ళకి ఆయనా పోయారు.

నాకిప్పుడు అప్పటి మావయ్య కంటే నాలుగేళ్ళు ఎక్కువ. రోజులు గడిచేకొద్దీ తప్పులు వాటంతటవే పలచబడతాయని ఒకప్పుడు అనుకునేదాన్ని. కాలం అలా చెయ్యలేదు. ఎవరి ఎదుట ఒప్పుకోవాలో ఆ మనుషుల్ని ఒక్కొక్కరినీ తీసుకుపోయి, ఒప్పుకోవలసిన మాటని మాత్రం నా దగ్గరే ఉంచింది.