కర్ర ఎత్తిన కాపలావాడు

మా మరిది ఏం ఉద్యోగం చేస్తాడని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పినా ఎవరూ నమ్మరు మరి! కంప్యూటర్ ఆటల్లో కొట్లాటలు తయారుచేస్తాడు. ఎవడు ఎలా చెయ్యెత్తాలి, దెబ్బ ఎక్కడ పడాలి, పడ్డవాడు ఎటు దొర్లాలి, అన్నీ అతనే కూర్చాలి. మనిషి చూస్తే పక్కింట్లో ఎవరైనా గట్టిగా తుమ్మినా ఉలిక్కిపడే రకం. నేను అటక మీది డబ్బా అందుకోవడానికి చెయ్యి పైకి లేపానా, పక్కనుంటే తల భుజాల్లోకి దూరిపోతుంది. "డబ్బా కోసం ఎత్తానయ్యా, నీ కోసం కాదు" అంటే నవ్వేస్తాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొస్తుంది.

ఇంట్లో ఉండి పనిచేసే రోజుల్లో అతని గదిలోకి వెళ్లాలంటే ముందు దగ్గాలి. లోపల నిలువుటద్దం ముందు నిలబడి, చీపురుకర్ర ఎత్తుతూ దించుతూ ఉంటాడు. ఎదురుగా ఫోను వీడియో తీస్తూ ఉంటుంది. కొత్తగా కాపరానికి వచ్చినదాన్నైతే పారిపోయేదాన్నే.

"ఏంటయ్యా ఈ వేషం?" అని ఒకరోజు అడిగాను.

"సందు చూసుకుంటున్నా వదినా."

"ఏం సందు?"

"శత్రువు చెయ్యి ఎత్తడానికీ దించడానికీ మధ్య సందు. అది మరీ చిన్నదైతే ఆడేవాడికి తప్పుకునే వీలుండదు, మమ్మల్ని తిడతాడు. మరీ పెద్దదైతే నవ్వుతాడు. రెప్పపాటు ఉండాలంతే. నా ఉద్యోగమంతా ఆ సందులోనే ఉంది."

సరే, ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని కాఫీ అక్కడ పెట్టి కిందికి వచ్చేశాను. మాది కింద కుట్టు షాపు, పైన ఇల్లు. షాపు మా మామయ్యది. ఇప్పుడు ఆయన చూపు మందగించింది కాబట్టి కత్తిరించడం, కుట్టడం నేను చేస్తాను. ఆయన గుండీలు కుడుతూ, వచ్చినవాళ్లతో కబుర్లు చెబుతూ కూర్చుంటారు. నోట్లో సగం పళ్లు లేవు. వీధిలో పిల్లలందరికీ ఆయనంటే ప్రాణం, గుడ్డముక్కలతో బొమ్మలు చేసిస్తారని.

మా మరిది కంపెనీ వాళ్లు 'దీపాలవాడు' అని కొత్త ఆట మొదలుపెట్టారు. మొత్తం ఆట వచ్చేలోపు జనానికి రుచి చూపించడానికి కొంత ముక్క ఉచితంగా వదులుతారట. దాన్ని డెమో అంటారు. అది వదిలిన మర్నాటి నుంచీ మా ఇంట్లో ప్రశాంతత పోయింది. అభిమానులు రెండు జట్లుగా విడిపోయి ఫోన్లలో జుట్లూ జుట్లూ పట్టుకున్నారు. అరగంట సేపు లాంతర్లు వెలిగించుకుంటూ ఊళ్లోవాళ్ల కబుర్లు వినడమేంటి, కొట్లాట ఏదీ అని ఒక జట్టు. ఆ కబుర్లు లేకపోతే కొట్లాటకి అర్థమేముంది అని ఇంకో జట్టు. అన్నిటికంటే పెద్ద గొడవ చివరి సన్నివేశం గురించి. కోట ద్వారం దగ్గర కాపలావాడు కర్ర ఎత్తుతాడు. ఎత్తి, అలాగే నిలబడతాడు. దించడు. ఆడేవాడు ఏ బటన్ నొక్కినా పనిచెయ్యదు. తర్వాత తెర నల్లబడి డెమో అయిపోతుంది.

"ఇది పాడైపోయిన ఆట, కథ పేరుతో మన కళ్లు కప్పుతున్నారు" అని ఒకడు రాశాడు. "కొట్లాట చేసినవాడి ఆఫీసు ఎక్కడో తెలుసు, వచ్చి అసలు కొట్లాట చూపిస్తాం" అని ఇంకొకడు. అది చదివి మా మరిది అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అడ్డమైనవాళ్లు ఫోనులో ఏదైనా రాస్తారు, నిజంగా వస్తారా అని పైకి అన్నాను గానీ, ఆ సాయంత్రం షాపు తలుపు పెందలాడే వేసేశాను.

అసలు ఏముందో చూద్దామని మర్నాడు అతని గదిలోకి వెళ్లి, "నాకూ ఆడించు" అన్నాను. లాంతర్లు వెలిగించాను, కబుర్లు విన్నాను. దీపం దగ్గర కూర్చున్న ప్రతివాళ్లూ ఆ కాపలావాడు ఎంత మంచివాడో చెబుతారు. చివరికి ద్వారం దగ్గరికి వెళ్లాను. వాడు కుడిచేత్తో కర్ర ఎత్తాడు. ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకున్నాడు. తల కొంచెం పక్కకి వంచి, కొలత సరిపోయిందా లేదా అన్నట్టు నన్ను చూశాడు. నేను బటన్లన్నీ నొక్కాను. కాళ్లు కదల్లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ నిలబడడం నాకు తెలుసు. కాపరానికి వచ్చిన కొత్తలో చూశాను. అప్పుడు మా మరిది స్కూల్లో చదువుతున్నాడు. ఎవరిదో ఖరీదైన కోటు మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయాడు. మామయ్య బట్ట కొలిచే చెక్క గజంబద్ద ఎత్తి, ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని, తల పక్కకి వంచి అలాగే నిలబడ్డారు. అరవలేదు, తిట్టలేదు. పిల్లవాడు గోడకి ఆనుకుని కళ్లు మూసుకోకుండా చూస్తున్నాడు. కొట్టరేమో అనుకున్నాను. అంతసేపు నిలబడ్డారు. నేను కేక పెట్టినా ఆ బద్ద దిగకుండా ఆగలేదు.

"తెలిసే చేశావా?" అని అడిగాను.

"తెలీదు వదినా. ఒట్టు. మొదట రెప్పపాటే పెట్టాను. చూస్తే అబద్ధంలా అనిపించింది. కొంచెం పెంచాను, అయినా అబద్ధమే. సరిపోయేదాకా పెంచుకుంటూ పోయాను. సరిపోయింది అనుకుని చూస్తే…" తెర వైపు చూపించాడు. "చూస్తే నాన్న."

"తీసెయ్యి! ఇప్పుడే తీసెయ్యి. ఎవరైనా గుర్తుపడితే?"

"తీసేస్తే మళ్లీ అబద్ధం అయిపోతుంది."

ఇదిలా ఉండగా వాళ్ల బాసు ఇంకో బాంబు పేల్చాడు. అభిమానులందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, డెమో చూపించి, వాళ్ల ప్రశ్నలకి జవాబులు చెప్పిస్తాడట. మా మరిది వేదిక మీద కూర్చోవాలి. "అది పొరపాటు, సరిచేస్తాం అని ఒక్క ముక్క చెప్పు. వేరే ఏదైనా వాగావో, సోమవారం నుంచి ఆఫీసుకి రానక్కర్లేదు" అన్నాడట. నేనైతే ఊపిరి పీల్చుకున్నాను. పొరపాటు అంటే పోయేదేముంది? ఉద్యోగం నిలబడుతుంది, ఇంటి గుట్టు గుట్టుగా ఉంటుంది. అలాగే చెప్పమని గడ్డం పట్టుకుని బతిమాలాను. అతను నీళ్లు నమిలాడు.

ఆ సభకి వేసిన పోస్టరు మీద మా మరిది ఫొటో వేశారు. ఎవరో తెచ్చి మామయ్యకి చూపించారు. అంతే, కొంప మునిగింది.

"మావాడు వేదికెక్కుతున్నాడే అమ్మాయ్! నేను రావాలి."

"హాలు పైఅంతస్తులో ఉందిట మామయ్యా. మెట్లెక్కాలి, మీ మోకాళ్లు…"

"పాక్కుంటూ ఎక్కుతా."

"అంతా పిల్లకాయల గోల. చెవులు చిల్లులు పడతాయి."

"నాకు వినపడేదే సగం."

చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఆయన తన పెళ్లినాటి కోటు తీసి, కాలరు తనే తిరగేసి కుట్టుకుని, ఇస్త్రీ చేసుకున్నారు. నాకు ఆ వారమంతా కంటిమీద కునుకు లేదు. మా ఆయనతో చెబితే "రానీ" అన్నాడు. ఆ మనిషి ఎప్పుడూ అంతే. నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు.

హాలు కిటకిటలాడుతోంది. మడత కుర్చీలు, కీచుమనే మైకు, గోడంత తెర. మామయ్యని నాకూ మా ఆయనకీ మధ్య కూర్చోబెట్టుకున్నాను. వేదిక మీద మా మరిది ముళ్ల మీద కూర్చున్నట్టున్నాడు. పక్కనే బాసు, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. డెమో వేశారు. లాంతర్లు అయ్యాయి, కబుర్లు అయ్యాయి. కాపలావాడు కర్ర ఎత్తాడు. గోడంత మనిషి, నడుం మీద చెయ్యి. పక్కకి చూడాలంటే భయం.

మామయ్య నా చెవి దగ్గరికి వంగి, "వీడెవడే, కొట్టడేం?" అన్నారు.

దేవుడా! గుర్తుపట్టలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక "ఏమో మామయ్యా" అన్నాను.

తర్వాత కాపలావాడి బొమ్మని తెర మీద అలాగే నిలిపి ఉంచి, వాదన మొదలుపెట్టారు. నల్లచొక్కా కుర్రవాడొకడు మైకు లాక్కున్నాడు. "కథ వినాలంటే మా అమ్మమ్మ దగ్గర కూర్చుంటా. ఆట కొనేది ఆడడానికి. నా చేతులు కట్టేసి, కదలకుండా చేసి, ఇదే కథ అంటే ఎలా? కథ చెప్పు, లేదా కొట్టుకోనివ్వు. రెండూ కలిపి చెడగొట్టారు!" సగం హాలు ఈలలు వేసింది.

కళ్లజోడు అమ్మాయి లేచింది. "మీరు ఆ కబుర్లు దాటేసి ఉంటారు. అందుకే మీకు ఆట ఆగిపోయినట్టు ఉంది. దీపం దగ్గర అందరూ వాడు మంచివాడని చెప్పారు. విని వచ్చినదాన్ని కాబట్టి, వాడు కర్ర ఎత్తితే కొడతాడని నేను నమ్మలేదు. ఆ కాసేపూ నమ్మకుండానే నిలబడ్డాను. నాకు అంత భయం ఏ కొట్లాటలోనూ వెయ్యలేదు."

"భయం కాదు, పొరపాటు! వాళ్లనే అడుగుదాం" అని నల్లచొక్కా వేదిక వైపు నాలుగడుగులు వేసి చెయ్యెత్తి చూపించాడు. మా మరిది తల భుజాల్లోకి దూరింది. హాలంతా చూసింది. ఎవడో నవ్వాడు కూడా. నేను కుర్చీలోంచి సగం లేచాను. బాసు మైకు అతని చేతిలో పెట్టి, మోచేత్తో పొడిచాడు.

'పొరపాటు అను నాయనా, పొరపాటు అను' అని నాలో నేనే గొణుక్కుంటున్నాను.

అతను జనంలో వెతికాడు. మేం కనిపించాం. మామయ్య చెయ్యి ఊపారు.

"అది… పొరపాటు కాదు" అన్నాడు. "బటన్లు పనిచెయ్యకుండా పెట్టిందీ నేనే. అంతసేపూ కాళ్లు కదలవు. నిజంగానే కదలవు."

"నీకెలా తెలుసు?" అన్నాడు నల్లచొక్కా.

బాసు మైకు లాక్కోబోయాడు. మా మరిది వదల్లేదు.

"మా ఇంట్లో అలాగే ఉండేది."

నల్లచొక్కా ఎత్తిన చెయ్యి దించేశాడు. కళ్లజోడు అమ్మాయి మెల్లగా, "డెమో అక్కడే ఆపేశారు. అసలు ఆటలో కొడతాడా, కొట్టడా?" అని అడిగింది.

"కొడతాడు. ప్రతిసారీ కొడతాడు."

చప్పట్లు ఎవరు కొట్టారో, ఎవరు కొట్టలేదో నాకు తెలియదు. నేను మామయ్యనే చూస్తున్నాను. ఆయన మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. తెర మీద కాపలావాడి బొమ్మ ఇంకా ఉంది. దాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశారు. లేచి నిలబడ్డారు. అలవాటుగా ఎడమచెయ్యి నడుం మీదికి వెళ్లింది. ఇస్త్రీపెట్టె తగిలినట్టు గబుక్కున తీసేశారు.

మెట్ల దగ్గర బాసు మా మరిదిని దాటుకుని వెళ్తూ, "సోమవారం రానక్కర్లేదు" అన్నాడు. మా మరిది తల ఊపాడు. ఆ క్షణంలో నాకు ఆ ఉద్యోగం మీద బెంగే పుట్టలేదు. కార్లో ఏం జరుగుతుందో అన్నదే నా భయం.

మా ఆయన నడుపుతున్నాడు. పక్కన మరిది. వెనక నేనూ మామయ్యా. వీధి దీపాలు వెలుగుతున్నాయి, జనం ఇళ్లకి పోతున్నారు. మామయ్య రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. సగం దారిలో నోరు విప్పారు.

"ప్రతిసారీ కొట్టలేదురా నేను."

ముందు సీట్లో మా మరిది భుజాలు పైకి లేచాయి. ఏదో ఒకటి అడ్డం వేద్దామని, "మామయ్యా, చలిగా ఉందేమో, అద్దం పైకి…" అన్నాను.

"ప్రతిసారీ కొట్టావు నాన్నా."

అన్నది మా ఆయన. తండ్రికి ఎదురు చెప్పడం నేనెన్నడూ వినలేదు. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు, గొంతు పెంచలేదు.

"నీకేం తెలుసురా? వాడి చిన్నప్పుడు నువ్వు ఇంట్లో ఎక్కడున్నావు? హాస్టల్లో ఉన్నావు గదా" అన్నారు మామయ్య.

"వాడి సంగతి కాదు. నా సంగతి చెబుతున్నా. వాడు పుట్టకముందు సంగతి."

ఇన్నేళ్ల కాపరంలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఒకే మంచం మీద పడుకునే మనిషి, నా మొగుడు, నాకు చెప్పలేదు. మామయ్య మోకాళ్ల మధ్య నుంచి చేతులు తీసి, కోటు గుండీ తడుముకుంటున్నారు. నాకు ఆయన మీద జాలి వేసింది, ఆ జాలి వేసినందుకు కోపమూ వచ్చింది.

మా మరిది మెల్లగా అన్న వైపు తిరిగాడు. "నిన్ను కూడానా అన్నయ్యా?"

మా ఆయన ఎర్రలైటు దగ్గర బండి ఆపి, అవునని తల ఊపాడు.