ఫాదర్‌కీ, శవపేటికకీ ఒక తలుపు

డీలియా కాపురానికి వచ్చిన రోజు వాన పడుతోంది. అందులో వింతేమీ లేదు. మేయో సీమలో వాన లేని రోజు చూసి పెళ్ళి పెట్టుకోవాలంటే కన్యగానే చచ్చిపోవాలి. చర్చి నుంచి తెల్లబూట్లతో నడిచొచ్చిన కోడలు ఎర్రటి వీధి తలుపు ముందు నిలబడితే, అత్త సబైనా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అటు కాదమ్మాయ్, వెనక నుంచి రా."

"తలుపు ఇక్కడుంది కదా అత్తమ్మా?"

"అది ఫాదర్‌కీ, శవపేటికకీ. నువ్వు ఆ రెండింట్లో ఏదీ కాదుగా? దొడ్డి పక్కగా రా. బురద, చూసుకుని నడు."

పెళ్ళివారంతా పకపకా నవ్వారు. ఎవరికీ తప్పనిపించలేదు. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ అలాంటి తలుపు ఒకటుంది. బతికున్నవాళ్ళు మాత్రం పేడ తొక్కుకుంటూ వెనక నుంచే వస్తారు.

మర్నాడే తలుపు చాకిరీ ఆమె నెత్తిన పడింది. శనివారం శనివారం గోరువెచ్చని సబ్బునీళ్ళతో కింది నుంచి పైకి కడగాలి. పై నుంచి మొదలెడితే చారలు కడతాయి. ఎవరూ తట్టని ఇత్తడి కడియాన్ని బూడిద, వెనిగర్ వేసి తోమాలి. ఏడాదికి పదకొండు రోజులు కాసే ఎండకి రంగు వెలుస్తుందని కాన్వాసు తెర కట్టాలి. వసంతం రాగానే ఒక పూత రంగు. పాత రంగు గోకుతానంటే సబైనా మండిపడేది.

"గోకితే మీ మామగారు వేసిన పూత పోదూ? దాని మీదే వెయ్యి!"

ఇరవై మూడేళ్ళు, ఇరవై మూడు పూతలు. అన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ చావలేదు. సబైనాకి ఆ ఉద్దేశమే ఉన్నట్టు కనిపించలేదు.

చివరికి ఇంటి పూజ వంతు వచ్చింది. ఏడాదికొక ఇంటికి ఫాదర్ వచ్చి పూజ చేస్తాడు; ఇల్లాలు వీధి తలుపు తీసి ఆయన్ని లోపలికి పిలవాలి. సబైనా మంచం పట్టింది కనక ఆ హక్కు డీలియాకి దక్కింది. ఒక్కసారి ఆ గడప మీద తన కాళ్ళతో నిలబడాలి, అంతే ఆమె కోరిక. ఇరవై నాలుగో పూత దట్టంగా వేసింది. పూజలో కొవ్వొత్తులు గాలికి ఆరకుండా తలుపు సందుల్లోకి కూడా రంగు పట్టించింది. ముందుగా తీసి చూసుకోలేదు. ముందే తీస్తే ఫాదర్‌ది తొలి అడుగెలా అవుతుంది?

ఆ ఉదయం ఫాదర్ వచ్చాడు, వెనక ఊరంతా వచ్చింది. డీలియా గడియ తీసి లాగింది. తలుపు కదల్లేదు.

"తొయ్యండి ఫాదర్!"

ఫాదర్ అరచేతులతో తోశాడు, భుజంతో తోశాడు. పక్కింటి విన్నీ ఆపుకోలేకపోయింది.

"ఏమే డీలియా, తలుపనుకుని గోడకి రంగేశావా?"

ఫాదర్ దొడ్డి పక్కగానే వచ్చి, పేడ బూట్లతోనే పూజ ముగించాడు. మంచం మీంచి సబైనా అందరికీ వినిపించేలా అంది: "ఇరవై మూడేళ్ళ నుంచి తుడుస్తోంది, తియ్యడం మాత్రం నేర్చుకోలేదు!"

ఆ వేసవిలో మొగుడు పాకీ రెండుసార్లు అడిగాడు. "ఉలితో సందులు గోకేయనా?"

"వద్దు," అంది డీలియా. శనివారాలు కడుగుతూనే ఉంది. ఆకులు రాలే కాలంలో, ఎవరూ చెప్పకుండానే, ఇంకో పూత వేసింది. శ్రద్ధంటే అదీ అని ఊరు మెచ్చుకుంది.

నవంబరులో సబైనా పోయింది. నలుగురు పేటిక ఎత్తుకుని వీధి తలుపు దాకా వచ్చి ఆగిపోయారు. పాకీ గునపం తెచ్చాడు. డీలియా తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"ఇరవై అయిదు పూతలు. అడుగున మీ నాన్న వేసింది కూడా ఉంది. మీ అమ్మ బతికుండగా గోరు తగలనిచ్చిందా? నువ్వు గునపం పెడతావా?"

పాకీ మోసేవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళందరి ఇళ్ళలోనూ అలాంటి తలుపులే.

"రంగు పాడవుతుంది, నిజమే," అన్నాడు ఒకడు, తల గోక్కునే వీలు లేక.

పేటికని వెనక్కి తిప్పారు. వంటింట్లో బల్ల జరిపి, వెనక గుమ్మంలోంచి వానలోకి దించారు. డీలియా వెంట నడిచి పేటిక మూత మీద చెయ్యి వేసింది.

"దొడ్డి పక్కగానే అత్తమ్మా. బురద, చూసుకుని నడవండి."