ఆవు గొంతులో చెయ్యి

పశువుల రోగాలు తేల్చే ల్యాబులో ఆమెను అందరూ తలకాయలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆమె పని చచ్చిన జంతువుల తలలు కోసి మెదడు బయటికి తీయడం. వెనక గది, రేకు బల్ల, రంపం, ఉలి, మోచేతుల దాకా గ్లవుజులు. మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట, గోరంత ముక్క తీసి గాజుపలక మీద అద్దితే ఆమె పని అయినట్టు. మైక్రోస్కోపులో చూసి సంతకం పెట్టేది డాక్టరుగారు. పేరు ఆయనది, కంపు ఈమెది.

కుక్కలే వస్తాయనుకునేరు! పిల్లి, నక్క, ముంగిస, మేక, గుర్రం, ఓసారి గబ్బిలం కూడా వచ్చింది. పిల్లలకు పాలిచ్చే జాతి ఏదైనా రేబిస్‌కు ఒకటే. కరిచినచోట కండలో దిగి, నరం పట్టుకుని తాపీగా మెదడుకు నడుస్తుంది. అక్కడ ఇల్లు కట్టుకున్నాక మళ్లీ నరాల వెంటే చొంగలోకి వస్తుంది. దారిలో ఉండగా సూదులు పడితే మనిషి బతికిపోతాడు. మెదడు చేరాక ఆపడం ఎవరి తరమూ కాదు. ఈ సంగతి ఆమె చుట్టాలందరికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది. వినేవాళ్లేరీ? జనం దానికి పిచ్చికుక్క జబ్బని పేరు పెట్టి కూర్చున్నారు, ఇక ఆవును అనుమానించేదెవరు?

ఆమె తమ్ముడు పశువుల కాంపౌండరు. అతనూ అనుమానించలేదు. ఒక ఇంట్లో పాడి ఆవు మేత మానేసి, చొంగ కారుస్తూ, మింగలేక గింజుకుంటోందని కబురొస్తే వెళ్లాడు. గొంతులో ఏదో అడ్డం పడిందని మోచేతి దాకా చెయ్యి దూర్చి వెతికాడు. ఏమీ దొరకలేదు, వేళ్ల మీద పళ్ల గీతలు మాత్రం పడ్డాయి. "ఏం లేదు, రెండ్రోజుల్లో లేచి తిరుగుతుంది" అని ఇంటివాళ్లకు భరోసా కూడా ఇచ్చాడు మహానుభావుడు. మూడో రోజు ఆవు చచ్చింది. పశువుల డాక్టరు దాని తల ల్యాబుకు పంపించాడు.

డాక్టరుగారు పాజిటివ్ అనగానే తలకాయలక్కకు, ఆ ఆవు గొంతులో చెయ్యి పెట్టి వెతికానని తమ్ముడు చెప్పిన మాట గుర్తొచ్చింది. గ్లవుజులు విప్పి పారేసి ఫోన్ అందుకుంది.

"ఒరేయ్, ఆ ఆవుకి రేబిసేరా! ఇప్పుడే వెళ్లి సూదులు వేయించుకో."

"అది కరవలేదు కదక్కా."

"కరవక్కర్లేదురా సన్నాసీ! చొంగలో పెట్టావు, చెయ్యి గీరుకుంది. ఇంకేం కావాలి?"

"సరే, వెళ్తాలే. నన్ను కంగారు పెట్టకు."

మర్నాడు అడిగితే, వేయించుకున్నానని, భుజం నొప్పెడుతోందని కూడా చెప్పాడు. తర్వాతి సూదులకీ అదే జవాబు. రోజంతా పశువులకు సూదులు పొడిచే మనిషి తన సూది సంగతి అబద్ధమాడతాడని ఆమె కల్లో కూడా అనుకోలేదు.

ఏడు వారాలు గడిచాక అతనే ఫోన్ చేశాడు. "అక్కా, ఆ చేతికి చీమలు పాకినట్టుంటోంది."

ఆమె గొంతు పెంచింది. "నిజం చెప్పు. వేయించుకున్నావా, లేదా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనక్కా? సూదులేసే ఆస్పత్రి సరిగ్గా ఆ ఆవువాళ్లింటి ఎదురుగానే ఉంది. ఏం లేదన్నవాణ్ణి వెళ్లి వరసలో నిలబడితే, రేపు నన్ను పశువు దగ్గరికి రానిచ్చేదెవరు?"

ఆమె ఏడ్చింది, నోటికొచ్చినట్టు తిట్టింది, అప్పటికప్పుడు వెళ్లి ఆస్పత్రిలో చేర్చింది. ఇక చేసేదేమీ లేదని ఆమెకు డాక్టర్ల కన్నా ముందే తెలుసు. మంచం మీద అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ ఇంటి పెద్దావిడ కూడా దాని నోట్లో చెయ్యి పెట్టిందక్కా. రిపోర్టు వాళ్లకి చేర్చాల్సింది నేనే. చేర్చలేదు. నువ్వెళ్లి చెప్పు, ఆవిడనైనా బతికించు."

ఆమె పరుగున వెళ్లింది. పెద్దావిడ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. సంగతంతా విని నోరు నొక్కుకుంది.

"అయ్యో తల్లీ! మేం ఆవు పోయిన రోజే వేయించుకున్నాం, ఇంటిల్లిపాదీ. మా కోడలికి అనుమానమొచ్చి ఊరుకోలేదు."

"మరి మా తమ్ముడికి ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"ఏం లేదని అంత గట్టిగా చెప్పిన మనిషాయె. తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడని, ఎదురుగా ఉన్న ఆస్పత్రి మానేసి ఎక్కడో ఊరవతలకి వెళ్లొచ్చామమ్మా."

పాడు మర్యాద! తలకాయలక్క ఆస్పత్రికి తిరిగి వెళ్లింది. అప్పటికే తమ్ముడు మంచినీళ్ల గ్లాసు చూసి వణుకుతున్నాడు.