విత్తనానికి ఎదురొచ్చిన ప్రశ్న

ఆమె కొర్ర విత్తనాలు ఒడిలో కట్టుకుని చేనికి బయలుదేరింది. ఊరి చివర నేనూ, టోపీ పెట్టుకున్న ఒకాయనా ఆమెకు ఎదురయ్యాం. "అమ్మా, ఒక్క మాట. మళ్లీ వాన రాకపోతే ఏం చేస్తారు?" అని అడిగాను. ఆమె నిలబడిపోయింది. నా వైపు ఒకసారి, మబ్బు వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది.

వెనకే వస్తున్న ఆమె అత్త నన్ను వదల్లేదు.

"ఏమప్పా, ఇత్తనం ఒళ్లో పెట్టుకోని పోతాంటే నిలబెట్టి ఆ మాటంటావా? నీకు సెప్పేవాళ్లు ఎవరూ లేరా?"

"తెలీక అడిగినానమ్మా."

"తెలీకనా? ఆదోని నీళ్లు తాగినోనివి! ఆ టోపీ సామికి తెలీదంటే సరే, నీకేం రోగం?"

నాకు తెలుసు. విత్తడానికి పోయేవాళ్లను మా వైపు ఎవరూ పలకరించరు. ఎక్కడికని కూడా అడగరు. దారిలో మనిషి కనబడితే పక్కకు తప్పుకుంటారు. ఆ రోజు ఉదయం నుంచి ఇంటింటికీ తిరిగి అదే ప్రశ్న అడిగి అడిగి, ఎవరిని అడుగుతున్నానో చూసుకోలేదు.

అది ఎనభైల మొదట్లో సంగతి, పెద్దకడుబూరు దగ్గరి ఒక పల్లెలో. నేను ఆదోని నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. టోపీ పెట్టుకున్నాయన సమాజశాస్త్ర పరిశోధకుడు. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. ఎమ్మిగనూరులో గది తీసుకుని ఉండేవాడు. ఆయన ఇంగ్లీషు ప్రశ్నల్ని తెలుగు చేయడానికి నన్ను వెంటబెట్టుకున్నాడు.

వాతావరణ మార్పు అనే మాట అప్పటికి మా పత్రికలోకి రాలేదు. కరువు అనేవాళ్లం. ఏటా ఒకే వార్త రాసేవాణ్ణి, ఊరి పేరు మార్చి. ఆయన మాత్రం వాన ఎంత పడిందన్నది సగం సంగతేననేవాడు. అదే వాన తప్పితే ఒక ఇంట్లో పస్తు ఎందుకు, పక్కింట్లో ఎందుకు కాదు? ఎవరింట్లో రెండోసారి విత్తడానికి గింజ మిగిలింది, ఎవరి దగ్గర ఎద్దులున్నాయి, ఎవరి మాట ఎవరు వింటారు? ఇవన్నీ అడిగితే తప్ప కరువు అర్థం కాదని ఆయన నమ్మకం. వినగా వినగా నాకూ నిజమే అనిపించింది. అడగడం కూడా ఊళ్లో ఒక పనేనని, దాని వల్ల కూడా ఏదో ఒకటి జరుగుతుందని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

ఆమెకు ఆ ఏడు అది రెండో విత్తు. మొదటిది మొలకెత్తి మాడిపోయింది. ఇంట్లో మిగిలిన గింజ ఆ ఒడిలోదే. ముందురోజు సాయంత్రం ఒక జల్లు పడింది. ఎర్రనేల కావడంతో ఆ తడి, విత్తే పదును, మధ్యాహ్నం దాకా ఉంటే గొప్ప.

మేమూ ఆమె ఇంటిదాకా వెళ్లాం. కాసేపటికి ఆమె భర్త చేనినుంచి పరుగున వచ్చాడు.

"యాడే ఇత్తనం? ఎద్దులకు ఇత్తే గొర్రు కట్టి నిలబడిండాను."

"ఎదురొచ్చి నోరు పెట్టినారు. రేపు సూస్తాం."

"రేపటికి పదును ఆరిపోతాది గదే!"

"ఆరనీ. నేను సల్లను."

అతను నా వైపు తిరిగాడు. "అన్నా, మీరు పేపరోళ్లు గదా. రేపు ఇంకో జల్లు పడుతాదని ఏయించన్నా. మీ పేపర్లో వస్తే వాన కూడా సదువుకోని వస్తాదేమో." నవ్వాడు గాని కళ్లలో నవ్వు లేదు. ఎద్దుల్ని విప్పడానికి వెళ్లిపోయాడు.

పరిశోధకుడికి విషయం చెప్పాను. ఆయన వెంటనే క్షమాపణ చెప్పమన్నాడు. గడప దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె విత్తనాలు తిరిగి కుండలో పోస్తోంది.

"నీ మాటకు వాన ఆగుతాదని కాదప్పా," అంది ఆమె. "వానకు మన మాటలు యాడ ఇనపడతాయి? ఇది సల్లి, మొలవలేదనుకో. ఎదురొచ్చి నోరు పెట్టినా ఇనకుండా పోయి ఉన్న గింజ మన్నులో కలిపింది అని ఏడాదంతా నన్నే అంటారు. సల్లకపోతే ఆ మాట నీ మీదికి పోతాది."

నేను రాసిన కరువు వార్తలన్నింటిలో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు. పరిశోధకుడు దాన్ని రెండుసార్లు చెప్పించుకుని పుస్తకంలో రాసుకున్నాడు.

మర్నాటికి నేల ఆరిపోయింది. ఆ కార్తెలో మళ్లీ చినుకు లేదు. ఆమె చేను బీడుగానే ఉండిపోయింది. కార్తె దాటాక ఒక సాయంత్రం ఆ ఇంటి సర్వే ఫారం నింపుతూ, విత్తకపోవడానికి కారణం ఏమని రాయాలని ఆయన నన్నడిగాడు. నేను "వాన లేక" అని రాయమన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు గాని అలాగే రాశాడు. తర్వాత నాకు పోస్టులో వచ్చిన నివేదికలోనూ అంతే ఉంది.

ఆమెకు నష్టం చేశానా, గింజ మిగిల్చానా అన్నది తేల్చుకోవాలని కోతల వేళకు ఒక్కణ్ణే ఆ ఊరు వెళ్లాను. ఆమె చేనికి రెండు పక్కలవాళ్లూ ఆమె వెనక్కి తిరిగిన ఉదయమే, అదే పదునులో కొర్ర విత్తారు. తూర్పు చేను సగం పండింది. పడమటి చేను మొలకలోనే మాడిపోయింది.