పన్నెండు నిమిషాల ఫొటో

విలేకరిగా పనిచేస్తూ లాల్‌దర్వాజాలో నేను అద్దెకున్న పైగదికి సొంత ఫోను లేదు. కింద ఇంటివాళ్ల ఫోను నుంచి ఒక తీగ పైకి లాగి మోడెంకు తగిలించుకున్నాను. మోడెం మీద యాభై ఆరు కిలోబిట్లని రాసి ఉండేది. ఆ పాత రాగి తీగ మీద ముప్పై మూడు దాటిన రోజు నాకు గుర్తు లేదు. వాన పడితే అందులో సగం. కాసేపు కీచుమని, గరగరమని, మోడెం చప్పున నోరు మూసుకునేది. అప్పుడు ఫొటో కదిలేది. మూడు మెగాబైట్ల ఫొటో పత్రికాఫీసు చేరడానికి దాదాపు పన్నెండు నిమిషాలు. ఈలోపు కింద ఎవరైనా రిసీవరు ఎత్తితే లైను తెగి, మళ్లీ మొదటి నుంచి పంపాల్సిందే.

ఒక సాయంత్రం ఆ పేటలో చనిపోయిన వ్యాపారి ఫొటో పంపుతున్నాను. ముప్పావు వంతు వెళ్లాక లైను తెగింది. ఇంటి యజమానురాలు తానే మెట్లెక్కి వచ్చింది.

"మర్శిపోయిన సారూ. మా చెల్లెకు ఫోన్ చేద్దామని ఎత్తిన" అంటూ తెరకేసి చూసింది. "గీయన ఫొటో ఏంది? పోయింది ఈయన గాదు, ఈయనోళ్ల అన్న."

"మీకు తెలుసా?"

"గిప్పుడే ఆడికెళ్లి వస్తున్న. అన్న కాళ్లకాడ కూసోని ఏడుస్తున్నడు పాపం."

లైను తెగకపోతే మర్నాడు ఆ తమ్ముడు తన చావు వార్త తానే చదువుకునేవాడు. అయినా ఆరోజు నేనామెకు ఒక మంచిమాట చెప్పలేదు. మళ్లీ పన్నెండు నిమిషాలు కూర్చోవాలి కదా అని విసుక్కున్నాను.

ఇప్పుడూ ఆ చుట్టుపక్కలే ఉంటున్నాను. స్తంభాల మీద వేలాడే నల్లటి కేబుల్లో వెంట్రుకంత గాజు పోగు, అందులో నడిచేది వెలుతురు. మా ఇంటికి సెకనుకు నూరు మెగాబిట్లు వస్తాయి. నా పాత తీగ కంటే సుమారు మూడు వేల రెట్లు. కాగితం మీద భాగించి చూశాను. ఆనాటి పన్నెండు నిమిషాలు పావు సెకను అయ్యాయి. బటన్ మీద నుంచి వేలు తీసేలోపు ఫొటో వెళ్లిపోయి ఉంటుంది.

పోయిన వానాకాలం చాంద్రాయణగుట్ట దగ్గర పాత గోడ కూలి ఒక మేస్త్రీ దాని కింద పడ్డాడు. అతన్ని ఆటోలోకి ఎక్కిస్తుండగా ఫొటో తీశాను. ఇంటికొచ్చి, దవాఖానలో ఉండే కానిస్టేబుల్‌కు ఫోన్ చేశాను. గోడ కింద పడ్డ మనిషిని తెచ్చారు కదా, ఎలా ఉందని అడిగాను. తెచ్చేసరికే ప్రాణం పోయిందన్నాడు. కాని అతను చెప్పింది అదే సమయానికి మరో ప్రమాదం నుంచి తెచ్చిన మనిషి సంగతి. నేను పేరు అడగలేదు, వయసు అడగలేదు. మృతి అని రాసి పంపాను. నిమిషం తిరగకముందే అది జనం ఫోన్లలో ఉంది.

తప్పు తెలిసి దిద్దేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో జరిగింది తర్వాత విన్నాను. మేస్త్రీ భార్య అన్న గుడిమల్కాపూర్ మార్కెట్లో పూల మూటలు దించే పని చేస్తాడు. ఫొటోతో సహా వార్త అక్కడే చూశాడు. ఇలాంటి మాట చెల్లెలికి ఫోనులో ఎలా చెప్తామని, ఒక పెద్ద దండ కొనుక్కుని నేరుగా ఆ ఇంటికి వెళ్లాడు. అప్పుడామె బియ్యం కడుగుతోంది. చెయ్యి విరిగింది, ఫికర్ లేదని దవాఖాన నుంచి మరిది అప్పటికే చెప్పి ఉన్నాడు. గుమ్మంలో దండ పట్టుకుని నిలబడ్డ అన్నను చూసి, అతను నోరు తెరవకముందే ఆమె కూలబడిపోయింది.

వారం తర్వాత వాళ్లింటికి వెళ్లాను. మేస్త్రీ చేతికట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను.

"నన్ను సంపినోనివి నువ్వేనా అన్నా? రా, కూసో. భయపడకు, దయ్యాన్ని గాను. చాయ్ తాగుతా నేను" అని నవ్వాడు.

అతని భార్య నవ్వలేదు. తప్పయిందమ్మా అన్నాను.

"ఒక్కపారి దవాఖానకు పోయి చూస్తే ఏమైతుండె సార్?"

"తొందరలో..."

"ఎవలకు తొందర? మాకైతే లేకుండె."

చాయ్ తాగి లేచాను. వాకిట్లోకి వచ్చాక ఆమె గోడ వైపు చూపించింది. మేకుకు బంతిపూల దండ వేలాడుతోంది, ఎండి గోధుమ రంగుకు తిరిగింది.

"శవానికని తెచ్చింది, దేవునికి ఎయ్యరాదు. మోరీల పారేద్దామంటె చెయ్యి వస్తలేదు, ఆయన కోసమని తెచ్చిన దండ గదా. నువ్వే తీస్కపో సార్."

దండను స్కూటర్ డిక్కీలో పెడుతుండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వంతెన మీద బస్సు ఎవరినో గుద్దిందట, ఫొటో, రెండు ముక్కల వార్త కావాలట. దవాఖానకు వెళ్లి మనిషిని చూశాకే పంపుతానన్నాను.

"ఎంతసేపు సార్?"

తెలియదన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, పూరేకులు నలగకుండా డిక్కీ మూత నెమ్మదిగా వేశాను.